ఆట మనది, ఆఫీసు ఎవరిది?



డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న మన పిల్లల్లో చాలామందిది ఒకటే దిగులు. గురుకులంలో ఉన్నప్పుడు కబడ్డీ ఆడారు, వాలీబాల్ ఆడారు, పరుగు పందేల్లో కప్పులు తెచ్చారు. మండలం దాటారు, జిల్లా దాటారు, కొందరు రాష్ట్రం తరఫున కూడా ఆడారు. ఇరవై ఒకటో ఇరవై రెండో ఏడు వచ్చేసరికి ఆట ఆగిపోతుంది. ఒకరికి మోకాలు దెబ్బతింటుంది, ఒకరికి ఇంట్లో పైసలుండవు, ఇంకొకరికి పై స్థాయిలో చోటు దొరకదు. అప్పుడు మనకు కనిపించేవి రెండే దార్లు. ఒకటి, బీపీఈడీ చేసి పీఈటీ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం. రెండోది, స్పోర్ట్స్ కోటాలో పోలీసో, రైల్వేనో ఏదో ఒక ఉద్యోగం సంపాదించడం. రెండూ గౌరవమైన దార్లే. కానీ ఆటతో ముడిపడిన బతుకుతెరువు అక్కడితో అయిపోదు.

మూడో దారి ఒకటుంది. స్పోర్ట్ బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో పీజీ. మన పిల్లలు దాన్ని "ఆటల ఎంబీఏ" అంటున్నారు. కొందరు ఆశగా అడుగుతున్నారు, కొందరు "అది పట్నంలో పెద్దోళ్ల పిల్లల చదువు, మనకెందుకు" అని కొట్టిపారేస్తున్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మనలో కొంతమందైనా ఈ చదువు చదవాలె. అందరూ అక్కర్లేదు. లక్షలు అప్పు చేసి అయితే అసలే వద్దు. కానీ కొంతమంది తప్పకుండా అటు పోవాలె. ఎందుకో, ఎట్లా పోవాలో ఒక్కొక్కటే మాట్లాడుకుందాం.

ఈ చదువు అసలు ఏంది?

మనం టీవీలో చూసే ఆట వెనక ఒక పెద్ద కార్యాలయం నడుస్తుంటుంది. మ్యాచ్ చూపించే హక్కులు ఎవరికి అమ్మాలె, ఎంతకు అమ్మాలె, జెర్సీ మీద ఎవరి పేరు ఉండాలె, ఆటగాడి కాంట్రాక్టులో ఏం రాయాలె, గాయమైతే ఖర్చు ఎవరు పెట్టుకోవాలె, స్టేడియం ఏడాదిలో మిగతా రోజులు ఖాళీగా పడి ఉండకుండా ఏం చేయాలె, వచ్చిన డబ్బులో ఆటగాళ్లకు ఎంత, సంఘానికి ఎంత, కింది స్థాయి పిల్లలకు ఎంత. ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని తేల్చే సంగతులు. అట్లా తేల్చడం ఎట్లాగో నేర్పేదే ఈ పీజీ. మార్కెటింగ్, ఫైనాన్స్, క్రీడా చట్టం, టోర్నమెంట్ల నిర్వహణ, మీడియా హక్కులు, నైతికత, ఇవీ దాంట్లో పాఠాలు.

ఇది ఎక్కడ మొదలైందో తెలిస్తే ఎందుకు మొదలైందో కూడా తెలుస్తుంది. 1957లో అమెరికాలో బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ, జేమ్స్ మేసన్ అనే ప్రొఫెసర్‌కు ఒక ఉత్తరం రాశాడు. బేస్‌బాల్ క్లబ్బును నడపాలనుకునే మనిషి ఎక్కడికి పోయి చదువుకోవాలె అని దాని సారాంశం. జవాబు లేదు, ఎందుకంటే అట్లాంటి కోర్సు అప్పటికి లేదు. తర్వాత 1966లో ఒహాయో యూనివర్సిటీలో మేసన్ చొరవతో స్పోర్ట్స్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ మొదలైంది. గమనించండి, ఈ చదువు పుట్టింది యజమాని అవసరం కోసం. ఆటగాడి అవసరం కోసం కాదు.

దాన్ని మరో వైపు తిప్పినవాళ్లూ ఉన్నారు. రిచర్డ్ లాప్‌చిక్ అనే ఆయన సంగతి మన పిల్లలకు తెలియాలె. ఆయన తండ్రి జో లాప్‌చిక్ బాస్కెట్‌బాల్ కోచ్. 1950లో న్యూయార్క్ నిక్స్ జట్టు నాట్ క్లిఫ్టన్ అనే నల్లజాతి ఆటగాణ్ణి తీసుకున్నప్పుడు ఆ జట్టు కోచ్ ఆయనే. ఎన్‌బీఏలో మొదటి నల్లజాతి ఆటగాళ్లలో క్లిఫ్టన్ ఒకడు. కొడుకు రిచర్డ్, దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నడుస్తున్న కాలంలో ఆ దేశంతో ఆటల సంబంధాలు తెంచుకోవాలని ఉద్యమం నడిపాడు. 1978లో డేవిస్ కప్ టెన్నిస్‌లో ఆడటానికి దక్షిణాఫ్రికా జట్టు అమెరికా వచ్చినప్పుడు దానికి వ్యతిరేకంగా తిరిగాడు. ఆ రోజుల్లోనే ముసుగులు వేసుకున్నవాళ్లు కాలేజీలో ఆయన గదిలోకి చొరబడి కొట్టి, పొట్ట మీద జాతిదూషణ మాట చెక్కిపోయారు. అంత దెబ్బ తిన్నా ఆగలేదు. 2001లో సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీలో డివోస్ స్పోర్ట్ బిజినెస్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రాం మొదలుపెట్టడంలో ఆయనే ముందు నిలబడ్డాడు.

అక్కడ ఒక తమాషా ఉంది. ఆ ప్రోగ్రాంకు పేరు ఇచ్చిన డివోస్ కుటుంబం అప్పట్లో ఓర్లాండో మ్యాజిక్ అనే ఎన్‌బీఏ జట్టుకు యజమానులు. అంటే యజమాని డబ్బుతోనే నడిచే చదువులోకి ఉద్యమకారుడు పోయి కూర్చున్నాడు. బిజినెస్ పాఠాల పక్కనే వైవిధ్యం, నైతికత, సమాజ సేవ అనే పాఠాలు పెట్టించాడు. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి చేశాడు. ఏటా ఒక ప్రోగ్రెస్ కార్డు. మన బడిలో పిల్లలకు ఇచ్చినట్టే, అక్కడి లీగులకు గ్రేడ్లు. ఎన్‌బీఏకి ఎంత, ఫుట్‌బాల్ లీగుకు ఎంత, కాలేజీ ఆటలకు ఎంత. ఆటగాళ్లలో నల్లజాతి వాళ్లు ఎంతమంది, కోచ్‌లలో ఎంతమంది, మేనేజర్లలో ఎంతమంది, పైన కుర్చీల్లో ఎంతమంది, ఆడవాళ్లు ఎంతమంది అని లెక్కగట్టి బయటపెట్టడం. లెక్క బయటకొచ్చాక ఎవరూ "మా దగ్గర అందరూ సమానమే" అని తప్పించుకోలేరు.

ఇప్పుడు మన దేశానికి రండి. 2011 జనాభా లెక్కల్లో ఎస్టీలు 8.6 శాతం. మన హాకీ జట్లలో జార్ఖండ్ నుంచి, ఒడిశాలోని సుందర్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీ పిల్లలు ఎంతమందో చూస్తూనే ఉన్నాం. మరి లీగు ఆఫీసుల్లో, సంఘాల ఆఫీసుల్లో, స్పాన్సర్‌షిప్ కంపెనీల్లో, ఆటగాళ్ల ఏజెంట్లలో ఎంతమంది? ఆ లెక్క ఎవరూ బయటపెట్టరు. గ్రౌండ్‌లో మనం కనిపిస్తాం, పోస్టర్ మీద కనిపిస్తాం, సంతకం పెట్టే బల్ల దగ్గర కనిపించం. నా బాధ అంతా ఇక్కడే.

రూల్ పుస్తకం చదివినోడే పతకం తెచ్చాడు

ఆఫీసులో మనిషి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి జిమ్ థోర్ప్ కథ చాలు. ఆయన అమెరికా మూలవాసి, సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లో బంగారు పతకాలు గెలిచాడు. మరుసటి ఏడాదే రెండూ లాగేసుకున్నారు. కారణం? అంతకు ముందు వేసవి సెలవుల్లో చిన్నపాటి కూలికి బేస్‌బాల్ ఆడాడట. డబ్బు తీసుకుని ఆడినోడు ఒలింపిక్స్‌కు పనికిరాడని అప్పటి రూలు. కాలేజీల్లో చదివే తెల్ల కుర్రాళ్లు దొంగ పేర్లతో అదే పని చేసేవాళ్లు. థోర్ప్ తన సొంత పేరుతో ఆడాడు, అందుకే దొరికాడు.

అసలు సంగతి ఏందంటే, ఆ ఒలింపిక్స్ రూల్స్‌లోనే ఇంకో మాట ఉంది. ఎవరి మీదైనా అభ్యంతరం ఉంటే 30 రోజుల్లోపు చెప్పాలె. థోర్ప్ మీద ఆరోపణ బయటకొచ్చింది దాదాపు ఆరు నెలలకు, 1913 జనవరిలో. అంటే వాళ్ల రూలు ప్రకారమే పతకాలు తీసుకునే హక్కు వాళ్లకు లేదు. ఆ మాట అడిగే మనిషి ఆ రోజు ఆయన పక్కన లేడు. 1953లో థోర్ప్ చనిపోయాడు. 1982లో ఆయన కోసం పోరాడుతున్నవాళ్లు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెతికి వెతికి ఆ పాత రూల్ పుస్తకం బయటికి తీశారు. దాంతో ఒలింపిక్ కమిటీ దిగొచ్చింది. 1983లో పతకాల నకళ్లు ఆయన పిల్లల చేతికిచ్చారు. అప్పుడు కూడా సహ విజేత అనే అన్నారు. ఒక్కడే విజేత అని ఒప్పుకున్నది 2022లో. 110 ఏళ్లు పట్టింది.

ఆయన పరుగులో లోపం లేదు, బలంలో లోపం లేదు. ఆయన తరఫున ఆ పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించే మనిషి సమయానికి లేకపోవడమే లోపం. మన పిల్లల్లో ఎంతమంది వయసు ధ్రువపత్రం గొడవల్లో, క్లబ్బు మారే అనుమతి కాగితం అందక, చదవకుండా పెట్టిన సంతకం వల్ల ఆటకు దూరమయ్యారో మీ మీ ఊళ్లల్లో మీకే తెలుసు.

ఇంకో ఉదాహరణ. వాషింగ్టన్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేరు మూలవాసులను కించపరిచే మాట. దాన్ని మార్చాలని అక్కడి మూలవాసులు దశాబ్దాల పాటు కొట్లాడారు. స్టేడియం బయట ధర్నాలు చేశారు. ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ రద్దు చేయాలని 1992లో కేసు వేశారు. యజమాని వినలేదు. 2020 జూలైలో స్టేడియానికి తన పేరు పెట్టుకోవడానికి డబ్బు కడుతున్న ఫెడెక్స్ కంపెనీ "పేరు మార్చండి" అంది. నైకీ తన ఆన్‌లైన్ దుకాణంలో ఆ జట్టు బట్టలు తీసేసింది. రెండు వారాలు కూడా తిరగకముందే జట్టు ఆ పేరు వదిలేస్తున్నానని ప్రకటించింది.

కంపెనీ మంచిదని చెప్పడానికి ఇది చెప్పడం లేదు. ఏళ్ల తరబడి రోడ్డు మీద ఉద్యమం లేకపోతే, ఆ ఏడాది జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద దేశమంతా కదలకపోతే ఏ కంపెనీ నోరు తెరిచేది కాదు. కానీ తాళం ఏ తలుపుకు ఉందో కూడా తెలియాలె కదా. ఉద్యమం తలుపు దాకా తీసుకుపోతుంది. స్పాన్సర్, ట్రేడ్‌మార్క్, కాంట్రాక్టు అనేవి ఆ తాళంచెవులు. అవి ఎట్లా తిరుగుతాయో నేర్పే చదువు ఇది.

మన దగ్గర డబ్బు ఎంత, మనకు దక్కేది ఎంత?

2023 నుంచి 2027 వరకు ఐదేళ్లకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. 410 మ్యాచ్‌లకు పంచితే ఒక్కో మ్యాచ్ సుమారు 118 కోట్లు. ఆడపిల్లల లీగు డబ్ల్యూపీఎల్‌లో ఐదు జట్లను 2023లో 4,669 కోట్లకు పైగా పెట్టి కొన్నారు. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగు మన గూడెంలో మట్టిలో గీత గీసి ఆడే ఆటనే టీవీలో పెట్టి వ్యాపారం చేసింది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. ఈ పనులన్నిటికీ వేల మంది కావాలె. టికెట్లు, భద్రత, ప్రయాణాలు, లెక్కలు, ఒప్పందాలు, ప్రచారం, ఇవన్నీ ఉద్యోగాలే. ఆ ఉద్యోగాలకు పేర్లు కూడా మనకు తెలియకపోతే ఎవరు దరఖాస్తు పెడతారు?

2023 డిసెంబర్ వేలంలో జార్ఖండ్ కుర్రాడు రాబిన్ మింజ్‌ను గుజరాత్ టైటాన్స్ 3 కోట్ల 60 లక్షలకు కొన్నది. మనమంతా సంబరపడ్డాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆ సంతోషం న్యాయమైనదే. కానీ ఆ వేలం గదిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. బల్లల దగ్గర కూర్చుని కాగితాలు తిప్పుతూ, లాప్‌టాప్‌లో లెక్కలు చూస్తూ, చేయి ఎత్తుతున్నవాళ్లు ఎవరు? అమ్ముడుపోయే వైపు ఒక్కడు ఉన్నందుకే అంత సంబరమైతే, కొనే వైపు మన మనిషి కూర్చునే రోజు గురించి ఎందుకు ఆలోచించకూడదు?

రూర్కెలా చూడండి. 2023 జనవరిలో అక్కడ బిర్సా ముండా పేరు మీద 20 వేలకు పైగా సీట్లతో హాకీ స్టేడియం తెరిచారు. ప్రపంచ కప్ మ్యాచ్‌లు ఆడించారు. మంచిదే. కానీ అదే రూర్కెలాలో 1950లలో స్టీల్ ప్లాంటు కోసం ఆదివాసీ ఊళ్లను ఖాళీ చేయించారు. పేరు మనదైనంత మాత్రాన స్టేడియం మనదైపోదు. ఆ గ్రౌండ్ ఊరి పిల్లలకు వారంలో ఎన్ని గంటలు తెరుస్తారు, లోపల దుకాణాలు ఎవరికి ఇస్తారు, పని ఎవరికి ఇస్తారు. ఇవి నినాదంతో తేలే ప్రశ్నలు కావు, ఒప్పంద పత్రంలో వాక్యాలుగా రాయించుకోవాల్సినవి.

ఆటగాడు ఆఫీసు దాకా పోలేడా అంటే, పోయినవాళ్లు ఉన్నారు. సుందర్‌గఢ్ జిల్లా పల్లె నుంచి వచ్చిన దిలీప్ తిర్కీ 1996, 2000, 2004 ఒలింపిక్స్ ఆడాడు, దేశ జట్టుకు కెప్టెన్ అయ్యాడు, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. అంతకు ఎంతో ముందు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మనిషి, తర్వాత ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడు, రాజ్యాంగ సభలో మన గొంతు. హాకీ స్టిక్ పట్టిన చేయే రాజ్యాంగం రాసే చోట లేచింది. ఆట, చదువు, హక్కు మూడూ వేరు కాదని మనకు వందేళ్ల కిందటే ఒకాయన బతికి చూపించాడు. అయితే ఆయన ఒక్కడు, తిర్కీ ఒక్కడు. ఒక్కొక్కరితో ఆఫీసు మారదు. పైన అధ్యక్షుడు మనవాడైనా కింద ఫైలు రాసేవాళ్లలో మనవాళ్లు ఉండాలె.

2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. దాని ప్రకారం జాతీయ క్రీడా సంఘాల కార్యవర్గంలో 15 మందికి మించకూడదు. అందులో కనీసం నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు పేరున్న క్రీడాకారులు ఉండాలె. మంచి అడుగే. ఎస్టీలకు మాత్రం ప్రత్యేకంగా సీటు లేదు. ఆ చట్టం ముసాయిదా మీద చర్చ నడిచినప్పుడు మన తరఫున ఆ ఒక్క మాట గట్టిగా పెట్టేవాళ్లు లేరు. క్రీడా పాలన చదివిన మనవాళ్లు పది మంది ఉంటే ఆ మాట ముందే లేచేది.

ఎదురు ప్రశ్నలు

మొదటిది: "గూడెంలో గ్రౌండే లేదు, పిల్లలకు బూట్లు లేవు, నువ్వు ఎంబీఏ అంటావేంది?" న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. గ్రౌండ్‌కు నిధులు ఎక్కడ ఉన్నాయి, ఏ పద్దు కింద ఉన్నాయి, ఎవరు ఎక్కడికి మళ్లిస్తున్నారు అని పట్టుకునేది కూడా ఈ చదువు చదివినోళ్లే. బూట్లు అడగడం ఆపమని కాదు. బూట్ల టెండరు చదవగలిగే మనిషి కూడా కావాలని అంటున్నాను.

రెండోది: "పోడు పట్టాలు, డీఎస్సీ, జీవోలు ఇన్ని కొట్లాటలుండగా ఆటల వ్యాపారం దేనికి?" కొట్లాటలన్నీ ఉండాల్సిందే. కానీ ఒక ఇంట్లో అందరూ ఒకటే పని చేయరు. ఒకరు దున్నుతారు, ఒకరు మేకలు కాస్తారు, ఒకరు సంతకు పోతారు. సంతకు పోయేవాడికి తూకం తెలియకపోతే దున్నినోడి కష్టం పోతుంది. ఆటల సంతలో మనకు తూకం తెలిసినవాళ్లు లేరు.

మూడోది నేను కూడా పూర్తిగా కొట్టిపారేయలేనిది: "అక్కడికి పోయినోడు వాళ్లలాగే అయిపోతాడు." అవుతాడు, ఒంటరిగా పోతే. లాప్‌చిక్ యజమానుల మధ్య కూర్చుని కూడా లెక్క అడగగలిగాడంటే ఆయన వెనక ఒక ఉద్యమం ఉంది. మనోళ్లు పోయినా వాళ్లను పంపినవాళ్లం మనం ఉండాలె. పండక్కి వచ్చినప్పుడు "ఎంత జీతం" అని మాత్రమే అడిగి వదిలేస్తే వాడు కంపెనీ మనిషే అవుతాడు. "అక్కడ మన పిల్లల గురించి ఏం రాశారు, ఏం తెచ్చావు" అని కూడా అడగాలె.

ఎట్లా పోవాలె, ఎక్కడ జాగ్రత్త పడాలె

ఇక్కడ కఠినంగా మాట్లాడుకోవాలె. మన దేశంలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సుల్లో ఎక్కువ భాగం ప్రైవేటు సంస్థల చేతిలో ఉన్నాయి. ఫీజులు లక్షల్లో. ప్రైవేటు కాలేజీల్లో కూడా రిజర్వేషన్ ఇవ్వొచ్చని రాజ్యాంగంలో 15(5) అధికరణం ఉంది, 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ దాన్ని అమలు చేసే చట్టం కేంద్రం చేయలేదు. అంటే దారి రాసి ఉంది, గేటుకు తాళం ఉంది. ప్రభుత్వ సంస్థల్లో కథ వేరు. కేంద్ర విద్యాసంస్థల్లో మనకు 7.5 శాతం సీట్లు చట్టం ఇచ్చిన హక్కు. గ్వాలియర్‌లో 1957 నుంచి ఉన్న లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ, మణిపూర్‌లో 2018 చట్టంతో వచ్చిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం, కోల్‌కతాలో ఐఐఎస్‌డబ్ల్యూబీఎం లాంటివి ముందు చూడండి. క్యాట్ రాసి ఐఐఎంలో మామూలు ఎంబీఏ చేసి క్రీడల వైపు మళ్లినా తప్పులేదు.

అందరికీ అందుబాటులో ఉన్న దారి ఇంకొకటి. ఐసెట్ రాసి మన రాష్ట్ర యూనివర్సిటీలోనే ఎంబీఏ. అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. ప్రాజెక్టు మాత్రం క్రీడల మీద తీసుకోండి. మీ జిల్లా టోర్నమెంట్ల ఖర్చు, కిన్నెరసాని లాంటి గిరిజన క్రీడా పాఠశాలల్లో చదివిన పిల్లలు తర్వాత ఏమయ్యారు, ఏదైనా సరే. మార్కెట్లో అమ్ముడుపోయే ఖరీదైన సర్టిఫికెట్ కన్నా అట్లాంటి ఒక్క మంచి ప్రాజెక్టు విలువైనది.

విదేశాలకు పోవాలనుకునేవాళ్లకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. దేశమంతటికీ ఏడాదికి 20 మాత్రమే, అందులో 3 అతి వెనకబడిన తెగలకు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది. రెండింటికీ ఆదాయ పరిమితులున్నాయి, ఏ సబ్జెక్టులకు ఇస్తారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకుని, యూనివర్సిటీకి అప్లై చేయకముందే కాగితాలు సిద్ధం చేసుకోండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాల కోసం చివరి వారంలో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి అవకాశం పోగొట్టుకోవద్దు.

ఏ కోర్సులో చేరినా చేరకముందు నాలుగు సంగతులు అడగండి. ఇది యూజీసీ గుర్తించిన డిగ్రీయా, ఉత్త సర్టిఫికెటా? పోయిన ఏడాది చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, వాళ్లతో ఫోన్‌లో మాట్లాడిస్తారా? ఇంటర్న్‌షిప్‌లో జీతం ఇస్తారా, ఊరికే చాకిరీయా? స్కాలర్‌షిప్, రీయింబర్స్‌మెంట్ దీనికి వర్తిస్తాయా? క్రికెటర్ల ఫొటోలు ఉన్న బ్రోచర్ చూసి పొలం తాకట్టు పెట్టొద్దు. జవాబు చెప్పడానికి నసిగే చోట చేరొద్దు. ఈ రంగంలో మొదటి ఉద్యోగాలకు జీతం తక్కువ, ఊళ్లు తిరగాలె, శని ఆదివారాలు ఉండవు. ఇది కూడా తెలిసే పోవాలె.

డిగ్రీ కన్నా ముందు మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. సంక్రాంతికో దసరాకో మన ఊళ్లల్లో కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు పెడతాం. ఎంట్రీ ఫీజు వసూలు చేస్తాం, సర్పంచును, షాపుల వాళ్లను ప్రైజులు అడుగుతాం, టెంటు, మైకు, ఫ్లెక్సీలు, అంపైర్లకు భోజనాలు. ఇదే కదా వాళ్లు పుస్తకంలో ఈవెంట్ మేనేజ్‌మెంట్ అని నేర్పేది! తేడా ఒక్కటే, మనం లెక్క రాయం. ఈసారి రాయండి. ఎవరి దగ్గర ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది, ఎన్ని జట్లు వచ్చాయి, ఆడపిల్లల జట్లు ఎన్ని, ఎవరికి దెబ్బ తగిలింది, ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టారు. ఆ నోటుబుక్కు మూడేళ్లు నడిపితే ఏ ఇంటర్వ్యూలోనైనా ముందు పెట్టదగ్గ కాగితం అదే.

మనం అడగాల్సినవి

చదువుకునేవాళ్లు చదువుకుంటారు. మిగతావాళ్లం చేయాల్సిన పని కూడా ఉంది. గిరిజన సంక్షేమ శాఖ క్రీడా పాఠశాలల్లో చదివి డిగ్రీ పూర్తి చేసిన పిల్లల్లో ఏటా కొంతమందికి క్రీడా నిర్వహణ పీజీకి పూర్తి ఖర్చు ఇవ్వాలని అడగాలె. ప్రైవేటు విద్యాసంస్థల్లో ఎస్టీ రిజర్వేషన్‌కు కేంద్రం చట్టం చేయాలని అడగాలె. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థల్లో, ఐటీడీఏ క్రీడా విభాగాల్లో అవుట్‌సోర్సింగ్ పేరుతో రిజర్వేషన్ ఎగ్గొట్టడం ఆపాలని అడగాలె.

ఇంకొకటి, ఇది మన చేతిలోనే ఉంది. ప్రభుత్వ డబ్బు తీసుకునే క్రీడా సంఘాలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. మీ సిబ్బందిలో, కోచ్‌లలో, కమిటీల్లో ఎస్టీలు ఎంతమంది అని జిల్లాకు ఒక్కరు దరఖాస్తు పెట్టినా చాలు. వచ్చిన జవాబులన్నీ ఒక చోట పేర్చి, లాప్‌చిక్ చేసినట్టు గ్రేడ్లు వేసి జనం ముందు పెడదాం. దానికి ఎంబీఏ అక్కర్లేదు. పది రూపాయల దరఖాస్తు ఫీజు, ఒక స్టాంపు, కాస్త ఓపిక చాలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో ఎవరైనా ఈ చదువు వైపు చూస్తుంటే మీ మార్కులు, ఇంటి ఆదాయం, ఆడిన ఆట వివరాలు రాసి పేజీకి మెసేజ్ పెట్టండి. స్కాలర్‌షిప్ కాగితాలు నింపడం తెలిసినవాళ్లు, ఎంబీఏ చేసిన మనవాళ్లు ఎవరైనా ఉంటే మీరు కూడా ముందుకు రండి. ఐసెట్ నోటిఫికేషన్ పడకముందే ఒక పది మందినైనా సిద్ధం చేద్దాం.

జై ఆదివాసీ.